రోగం రట్టు చేయమంటే ముందు తలుపు వేయండి

అనంతపురం జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారికి, పెద్దాసుపత్రి నుంచి పల్లెల్లోని పీహెచ్‌సీల దాకా ఓపీల్లో కూర్చునే డాక్టర్లకు, రేపు ఆ కుర్చీల్లోకి రాబోయే మెడికల్ కాలేజీ పిల్లలకు,

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. అనంతపురంలో ఒక సందు మొదట్లో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మీరు రాసిన చీటీ చివరికి చేరేది మా కౌంటరుకే. చీటీతో పాటు, మీకు చెప్పకుండా మింగిన మాటలు కూడా మా దగ్గరికే వస్తాయి. ఆ మాటల గురించే ఈ ఉత్తరం.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా షాపుకు వచ్చే మగవాళ్లను ఒక్కసారి చూడాలి మీరు. బండి కాస్త దూరంగా ఆపుతారు. కౌంటరు దగ్గర ఇంకెవరైనా ఉంటే ఫోన్ చూసుకుంటున్నట్టు పక్కన నిలబడతారు. వాళ్లు వెళ్లాక వచ్చి ఒక జండూబామో, క్రోసిన్ షీటో అడుగుతారు. చిల్లర తీసుకున్నాక కూడా కదలరు. ‘ఇంకేమన్నా కావాల్నా అన్నా?’ అని నేను అంటే అప్పుడు గొంతు దిగుతుంది. ‘నాకు కాదన్నా, మా ఫ్రెండుకు...’ ఈ ఫ్రెండు ఎవరో గానీ, పాపం, అనంతపురంలో ఉన్న జబ్బులన్నీ ఆయనకే ఉన్నాయి.

పోయిన ఏడాది ఒక రాత్రి ఇట్లాగే ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, గుండెకు స్టెంటు వేయించుకున్నాడు. ప్రతి నెలా మందులు మా దగ్గరే కొంటాడు. ఎకోస్ప్రిన్, కొలెస్ట్రాల్ మాత్ర, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్. ఆ రాత్రి ‘ఆ బిళ్ల’ అడిగాడు. సిల్డెనాఫిల్, జనం వయాగ్రా అనే మగతనం మందు. సార్బిట్రేట్ వాడే మనిషి అది వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇవ్వనన్నాను. ‘డాక్టరు గారిని అడిగినావా అన్నా?’ అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

‘ఆయన్ని అదెట్లా అడుగుతానప్పా? పక్కన నా కొడుకుంటాడు. తలుపు దగ్గర ఇరవై మంది ఉంటారు. ఆయాసముందా అంటాడు, లేదు. నొప్పుందా అంటాడు, అదీ లేదు. ఉన్నది ఆయన అడగడు.’

ఉన్నది ఆయన అడగడు. ఈ మాట నాకు చాలా రోజులు చెవిలో మోగింది. ఎందుకంటే మాటల్లో మాటగా ఇంకో సంగతి కూడా చెప్పాడు. స్టెంటుకు మూడేళ్ల ముందు నుంచే తనకు ఆ ఇబ్బంది ఉందట. దాని అర్థం మీకు నేను చెప్పనక్కర లేదు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, పూడిక మొదలైతే ముందు అక్కడే తెలుస్తుంది. షుగరున్న వాళ్లలో అయితే మరీ మామూలు. ఆ మూడేళ్లలో ఆయన షుగరు కోసం మూడు నెలలకొకసారి ఎవరో ఒక డాక్టరు ముందు కూర్చున్నాడు. ఒక్కరూ అడగలేదు, ఈయన చెప్పలేదు. ఇద్దరూ కలిసి గుండె దాకా తెచ్చారు.

అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మే షాపులు లేవని నేను బుకాయించను, మా వ్యాపారానికి ఆ మచ్చ ఉంది. నేను ఇవ్వలేదు, ఇంకెక్కడైనా కొన్నాడేమో తెలియదు. తర్వాతి నెల మందులకు మళ్లీ కనిపించేదాకా నాకు టెన్షనే.

ఇంకొకాయన బీపీ మాత్రలు మానేశాడు. ఆ మాత్రల వల్ల మగతనం తగ్గుతోందని ఆయన అనుమానం. కొన్ని బీపీ మందులతో అట్లా జరిగే మాట నిజమే, మార్చి ఇవ్వడానికి వేరే మందులు కూడా ఉన్నాయి. కానీ ఆయన డాక్టరుకు ‘రోజూ వేసుకుంటున్నా సార్’ అనే చెప్పాడు. వేసుకుంటున్నా బీపీ తగ్గడం లేదంటే డాక్టరు ఏం చేస్తాడు? డోసు పెంచాడు. ఇంకోసారి ఇంకో మాత్ర కలిపాడు. ఈయన కొన్నవన్నీ ఇంట్లో డబ్బాలో దాచాడు. ఒక రోజు ఆయన భార్య ఆ డబ్బా తెచ్చి మా కౌంటరు మీద బోర్లించింది. ‘ఇవి వాపసు తీసుకుంటారా అన్నా?’ అని. పదకొండు షీట్లు.

‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అన్నారు మన పెద్దలు. ఇంటి విషయం దాచుకో, రోగం మాత్రం నలుగురికీ చెప్పు అని. మన మగవాళ్లకు ఈ సామెత తెలియక కాదు. వాళ్ల లెక్కలో కొన్ని రోగాలు సంసారం పద్దులోకి వెళ్లిపోయాయి. మూత్రం, పడక సుఖం, తాగుడు, దిగులు. ఈ నాలుగింటిలో ఏది బయటికి చెప్పినా ఇంటి పరువు, తన పరువు పోతాయని భయం. మోకాలు నొప్పయితే సంతలో కూడా చెప్తాడు.

ఇదంతా మగవాళ్ల మొండితనం, మేమేం చేస్తాం అని మీరనవచ్చు. నేనూ చాలా కాలం అట్లాగే అనుకున్నాను, మా నాయన సంగతి జరిగేదాకా.

మా నాయనది గార్లదిన్నె వైపు పల్లె. డెబ్బై రెండేళ్లు. శెనక్కాయ సేద్యం. రచ్చకట్ట మీద ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్లు ఆగుతారు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా పంచాయితీలకు పిలుస్తారు. రెండేళ్లుగా రాత్రిళ్లు చేనులో కొట్టంలో పడుకోవడం మొదలుపెట్టాడు. అడవి పందులు వస్తున్నాయన్నాడు, నమ్మాం. బస్సెక్కాల్సిన రోజు ఎంత ఎండైనా పొద్దుట నుంచి గుక్కెడు నీళ్లు తాగడు. వయసు మీద పడింది కదా, దాహం వేయదేమో అనుకున్నాం.

మనిషి నీరసపడుతున్నాడని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఒకే బల్లకు అటొకరు ఇటొకరు డాక్టర్లు. బల్ల చుట్టూ నలుగురు రోగులు, వెనక క్యూ నెడుతోంది. మాకు వచ్చిన డాక్టరమ్మది చిన్న వయసు, మా నాయనకు మనవరాలి ఈడు. పక్కన నేను, ఇటు నా భార్య.

‘మూత్రం వస్తోందా తాతా?’

‘వస్తోంది తల్లీ.’

‘విరేచనం?’

‘అవుతోంది.’

‘ఇంకేం ఇబ్బంది లేదు కదా?’

‘ఏం లేదు తల్లీ. గుండ్రాయిలా ఉండా.’

అంతే. బలం మాత్రలు రాసింది. వాటిని నా షాపులో నేనే తీసి నా చేత్తోనే ఇచ్చాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వస్తోందా అంటే వస్తోంది, చుక్కలు చుక్కలుగా. ‘లేదు కదా’ అని అడిగితే ‘లేదు’ అనే జవాబు ఆ ప్రశ్నలోనే కూర్చుని ఉంది. కోడలి ముందు, ముక్కూ మొహం తెలియని నలుగురి ముందు, ఊరికి పెద్దమనిషి అయిన వాడు దానికి తల ఊపడం తప్ప ఇంకేం చేయగలడు?

నాలుగు నెలల తర్వాత గుత్తి నుంచి వస్తూ బస్సులో మూత్రం బంద్ అయింది. పొట్ట కుండలా ఉబ్బింది. ఆసుపత్రిలో పైపు వేస్తే లీటరుకు పైగా వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారి నొక్కేసింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగి ఉంది, కిడ్నీల మీద ఒత్తిడి ఎన్నాళ్ల నుంచి ఉందో.

అక్కడ చూసింది కూడా డాక్టరమ్మే. వయసు కూడా దాదాపు అంతే. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మగవాళ్లకు మగ డాక్టరుంటే చాలు, అంతా సర్దుకుంటుంది అనే మాట చాలాసార్లు వింటుంటాను. ఆమె ముందు నన్నూ నా భార్యనూ బయట నిలబడమంది. తలుపు దగ్గరికి వేసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ‘రాత్రి పడుకున్నాక ఎన్నిసార్లు లేస్తావు తాతా? రెండా, మూడా, ఇంకా ఎక్కువా?’ అని అడిగింది. పోయినాక ఇంకా మిగిలినట్టు ఉంటుందా, నిలబడినాక ధార రావడానికి ఎంతసేపు పడుతుంది, మధ్యలో ఆగి మళ్లీ వస్తుందా, ముక్కాల్సి వస్తుందా, పంచె తడుస్తుందా. ప్రోస్టేట్ ఇబ్బందికి ఏడు ప్రశ్నల కొలత ఒకటుంది, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు, మొత్తం 35. ఆ డాక్టరమ్మ దాన్నే మా నాయన భాషలోకి దించి అడిగింది. కాగితం చూడలేదు.

తలుపు బయట నిలబడి నేను గడియారం చూసుకున్నాను. పదకొండు నిమిషాలు. ఇంట్లో ఆయన నాతో అన్ని నిమిషాలు ఏకబిగిన మాట్లాడింది నాకు గుర్తు లేదు. కొట్టంలో పడుకునేది పందుల కోసం కాదని, రాత్రికి ఐదారు సార్లు లేచి తలుపు గడియ తీస్తుంటే కోడలికి నిద్ర చెడుతుందని, ఆమెకు తెలిసిపోతుందని ఆ డాక్టరమ్మే తర్వాత నాకు చెప్పింది. చెప్పొచ్చా అని ముందు ఆయన్ని అడిగిందట.

ఆపరేషన్ ప్రభుత్వ పథకంలోనే అయింది. 2007లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో మనది ఒకటి, ఆపరేషన్ ఖర్చుకు భయపడే రోజులు మా ఇంట్లో అప్పటి నుంచే తగ్గాయి. ఇప్పుడు నాయన ఇంట్లోనే పడుకుంటున్నాడు. పందులు ఏమయ్యాయని మేం ఎవరం అడగలేదు.

మీ గదుల్లో వినపడే కొన్ని మాటలు కూడా రాయాలి, కోపం తెచ్చుకోకండి. షుగరు పుండుతో వచ్చిన మనిషి కట్టు కట్టేటప్పుడు మూలిగితే ‘మగోడివి కాదాప్పా, ఈ మాత్రానికేనా?’ అంటారు. నవ్వుతూ అనే మాటే. కానీ ఆ మనిషి మగోడిని కదా అనుకునే ఆ పుండు మీద ఇరవై రోజులు నడిచాడు. నొప్పి చెప్పకపోవడం వల్లే ఇంత దూరం వచ్చిన వాడికి, చెప్పినందుకు మళ్లీ ఎగతాళి. ఇంకొకటి, అరవై ఐదేళ్ల మనిషి ధైర్యం చేసి పడక విషయం అడిగితే ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు తాతా, రామా కృష్ణా అనుకోక’ అనడం. ఆ తాత మళ్లీ జన్మలో ఏ డాక్టరునూ ఏదీ అడగడు. మా షాపుకు వస్తాడు, ఫ్రెండు కోసం.

ఆడవాళ్లను పరీక్ష చేయాలంటే పక్కన నర్సమ్మ ఉండాలి, తెర ఉండాలి అని పద్ధతి ఉంది. మంచిదే, ఉండాల్సిందే. మగవాడికి వరిబీజం చూడాలంటే మాత్రం నలుగురున్న గదిలో ‘పంచె ఎత్తు’ అనేయడమే. మగవాడికి సిగ్గేంటి అని అందరి నమ్మకం. సిగ్గు లేకపోతే నిమ్మకాయంత ఉన్నప్పుడే వచ్చి చూపించేవాడు కదా సార్.

ఇక గోడల మీద పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. బస్టాండు చుట్టూ, మూత్రశాలల గోడల నిండా. గుప్త రోగాలు, నరాల బలహీనత, ఫలానా లాడ్జి, ఫలానా రూం నంబరు, నెలకు ఫలానా తేదీల్లో మాత్రమే. వాళ్లిచ్చే పొడుల్లో ఏముంటుందో దేవుడికే తెలియాలి. వాటి కోసం వేలకు వేలు పోసి, చివరికి మా దగ్గరికి గ్యాస్ మాత్రలకు వచ్చిన పిల్లల్ని చూశాను. ఒక కుర్రాణ్ణి అడిగాను, అంత డబ్బు పోసి అక్కడికి ఎందుకు పోయినావురా, మన పెద్దాసుపత్రిలో ఈ రోగాలు కూడా చూసే చర్మ డాక్టర్లు ఉన్నారు కదా అని. ‘అన్నా, ఆయన తలుపేసి అరగంట మాట్లాడినాడన్నా’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. దొంగ వైద్యుడికి తెలిసిన కిటుకు అసలు వైద్యులకు తెలియదా?

తాగుడు గురించి రెండు ముక్కలు. ‘తాగుతావా?’ అని భార్య ముందు అడిగితే ‘ఎప్పుడన్నా’ అంటాడు. ఎప్పుడన్నా అనేది మన వైపు ఒక కొలత, అడిగే మనిషిని బట్టి అది నెలకొకటి నుంచి రోజుకు రెండు దాకా సాగుతుంది. టీబీ మందులు వాడే వాడు తాగితే లివర్ పాడవుతుంది కాబట్టి మాకు నిజం కావాలి. నేను అడిగే పద్ధతి వేరు. ‘వారానికి ఎన్ని క్వార్టర్లు పడతాయన్నా?’ అంటాను, కూరగాయల లెక్క అడిగినట్టు. అంకె చెప్తారు. ఆ అంకె విని నా మొహం మారకుండా చూసుకోవాలి, అదే కష్టం.

దిగులు సంగతి వేరు, అది ఏ ప్రశ్నకూ అంత సులువుగా దొరకదు. మగవాడు మీ దగ్గరికి దిగులుగా ఉందని రాడు. గ్యాస్ అంటాడు, నిద్ర పట్టడం లేదంటాడు, ఒళ్లంతా నొప్పులంటాడు. కళ్యాణదుర్గం వైపు రైతు ఒకాయన నిద్రమాత్రల కోసం వచ్చాడు. చీటీ లేదు, ఇవ్వనన్నాను. ఊరికే, ‘బోర్లు ఎన్ని వేసినావన్నా?’ అని అడిగాను. ‘ఐదు. ఐదూ పోయినాయి’ అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని చెప్పి చెప్పి, నవ్వే మగవాణ్ణి చూసి ఎప్పుడు భయపడాలో మనం నేర్చుకోలేదు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది, అందులో 1,22,724 మంది మగవాళ్లు. ఇది జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్లలో ఎంతమంది చివరి నెలల్లో ఏదో ఒక ఓపీలో గ్యాస్ అని చెప్పి పాంటాప్ రాయించుకుని వెళ్లారో ఏ లెక్కలోనూ ఉండదు. ఆ రైతుకు మాత్రల కవరు మీద 14416 అని రాసిచ్చాను. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేశాడా అని తర్వాత కనిపించినప్పుడు నేను అడగలేదు. నాకూ ఉన్నది ఆ మగ అలవాటే.

డీఎంహెచ్ఓ గారూ, మీతో నేరుగా ఒక మాట. మీ కార్యక్రమాలు ఇల్లు చేరేది ఆశా కార్యకర్తల ద్వారా, ఏఎన్ఎంల ద్వారా. వాళ్లు లేకపోతే మా పల్లెల్లో సగం వైద్యం లేదు. కానీ పదకొండు గంటలకు వాళ్లు తలుపు తట్టే సమయానికి ఇంట్లో ఉండేది ఆడవాళ్లూ ముసలివాళ్లూనే. ఒకవేళ మగవాడున్నా, వదినా అని పిలిచే ఊరి మనిషికి తన మూత్రం సంగతి చెప్తాడా? కుటుంబ నియంత్రణే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆపరేషన్ ఆడవాళ్లు చేయించుకున్న జంటలు 37.9 శాతం, మగవాళ్లు చేయించుకున్నవి 0.3 శాతం. మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, కుట్లు కూడా పడవు, మగతనానికి ఏమీ కాదు. ఈ మూడు ముక్కలు మగవాడికి మగవాడు కూర్చుని చెప్పింది నేనెప్పుడూ చూడలేదు. పల్లెల్లో మగ ఆరోగ్య కార్యకర్తలు దోమల మందు కొట్టిస్తూ, మలేరియాకు రక్తం తీస్తూ కనిపిస్తుంటారు. నెలకు రెండు సాయంత్రాలు వాళ్లను రచ్చకట్ట దగ్గరికి పంపితే ఎట్లా ఉంటుంది? పొద్దుటి ఓపీకి రావాలంటే బేల్దారి పని వాడికి ఒక రోజు కూలి పోతుంది. వారానికి ఒక్క సాయంత్రమైనా ఓపీ తెరవగలరేమో చూడండి.

డాక్టర్లూ, మీ కష్టం నాకు తెలియనిది కాదు. బయట వందమంది ఉన్నప్పుడు ఒకరికి పదకొండు నిమిషాలు ఇవ్వమంటే మిగతా తొంభై తొమ్మిది మంది ఊరుకోరు. నేను అడిగేది ఒక్క నిమిషం. వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, ‘లేదు కదా’ అని కాకుండా ‘ఎన్నిసార్లు’, ‘ఎంత’, ‘ఎప్పటి నుంచి’ అని అడగండి. తలుపే లేకపోతే ఒక గుడ్డ తెరైనా కట్టించండి, అది అధికారుల పని. ‘ఆయన చెప్పడు సార్, నేను చెప్తా’ అనే భార్యను వద్దనకండి, ఆమె వల్లే సగం మంది బతుకుతున్నారు. ఆమె చెప్పిందంతా విని, తర్వాత ఆ ఒక్క నిమిషం ఆయనకివ్వండి. ఎంబీబీఎస్ పిల్లలకు రోగితో ఎట్లా మాట్లాడాలో నేర్పే ఏట్‌కామ్ పాఠాలు 2019 నుంచి చదువులోకి వచ్చాయి. ఆ క్లాసుకు ఎప్పుడైనా మా నాయనను పిలవండి. వస్తాడు. పంచాయితీ చెప్పడం ఆయనకు అలవాటే, ఇప్పుడు ఈ విషయం మీద కూడా చెప్తున్నాడు. రచ్చకట్ట మీద ఇద్దరు ముసలివాళ్లను స్కానింగుకు పంపించింది ఆయనే.

చివరగా నేను చేస్తున్న ఒక పని సంగతి మీకు చెప్పాలి, తప్పయితే మందలించండి. నోరు విప్పలేని వాళ్లకు నేను చీటీ రాసిస్తున్నాను. బిల్లు కాగితం వెనక రెండు లైన్లు. ‘ఈయన బీపీ మాత్రలు మూడు నెలలుగా వేసుకోవడం లేదు, కారణం అడగండి.’ ‘ఈయనకు రాత్రి ఆరుసార్లు లేవాల్సి వస్తోంది.’ మడిచి ఇస్తాను, జేబులో పెట్టుకుని మీ దగ్గరికి వస్తారు. కొందరు ఆ చీటీ తీయకుండానే తిరిగొస్తారు. కొందరు మీ బల్ల మీద పెట్టి తల దించుకుంటారు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చదివి, ఏమీ అనకుండా లేచి తలుపు వేసి వచ్చారట, వాళ్లకు నా దండాలు. ఒక చోట మాత్రం డాక్టరు గారు కళ్లజోడు సర్దుకుని, ‘ఏమప్పా, రాత్రిపూట నీకు...’ అని గది మొత్తానికి వినిపించేలా చదివారట. ఆ మనిషి ఇప్పుడు మా సందులోకే రావడం లేదు.

రేపు మీ ఓపీలో ఎవరైనా మడిచిన బిల్లు కాగితం ఇస్తే, దయచేసి గట్టిగా చదవకండి సార్.

ఇట్లు,
అనంతపురంలో ఒక మందుల షాపువాడు